చెన్నై వేడిలో, ఓటీజీలో చ్యూయీ చాక్లెట్ కుకీలు రావాలంటే

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, పెట్టిన అయిదారు నిమిషాలకే కుకీలు పల్చగా పాకి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. చల్లారేసరికి అంచు నుంచి నడిమి దాకా పుటుక్కున విరిగే బిస్కెట్లవుతున్నాయి. డబ్బాలో పెట్టిన మరునాటికి గాలిలోని తేమకు మెత్తబడుతున్నాయే తప్ప, మీరు కోరుకుంటున్నట్టు నమిలేకొద్దీ సాగడం లేదు. మీ అత్తగారు గుడ్డు తినరు కనుక అదే పిండిని గుడ్డు లేకుండా ఎలా కలపాలో కూడా అడిగారు. మీరిచ్చిన కొలతలు చూశాను. వాటిలో సరిదిద్దవలసినవి కొన్ని ఉన్నా, అసలు చిక్కు అక్కడ లేదు. వంటకం రాసినవారు ‘గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న’ అన్నప్పుడు వారి మనసులో ఉన్నది 20 డిగ్రీల గది. ఎండాకాలంలో మీ వేలచ్చేరి వంటింట్లో 33, 34 డిగ్రీలు ఉండడం మామూలే. రెండోది, కుకీ నడిమి భాగం గట్టిపడేదాకా ఆగి 16 నిమిషాలకు ట్రే బయటికి తీస్తున్నారు. నేనూ చెన్నైలోనే ఇంటి నుంచి ఆర్డర్లకు బేకింగ్ చేస్తూ, నేర్చుకునేవారికి నేర్పుతూ ఉన్నాను కనుక, ఇక్కడి వేడికీ తేమకూ తగినట్టే చెబుతాను.

ఆ సాగుడు గుణం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మిగిలిన నిర్ణయాలన్నీ సులభమవుతాయి. కుకీ అంటే చాలావరకు చక్కెర పాకంలో మైదా, వెన్న, కోకో చేరిన పదార్థమే. ముద్దలో ఉన్న కొద్దిపాటి నీటిలో చక్కెర ఓవెన్ వేడికి కరిగి పాకమవుతుంది. బేకింగ్ ముగిసేసరికి ఆ పాకంలో ఎంత నీరు మిగిలింది, చల్లారాక ఆ చక్కెర తిరిగి స్ఫటికాలు కట్టిందా లేదా అన్న రెండు విషయాల మీదే కుకీ విరుగుతుందా సాగుతుందా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. పాకం లేతగా దింపితే అరిసెలు మెత్తగా, ముదిరితే గట్టిగా వస్తాయి కదా, ఇక్కడ జరిగేది కూడా అదే. కాకపోతే అరిసెలకు పాకాన్ని నీళ్ల గిన్నెలో వేసి పరీక్షించగలం. కుకీలో పాకం పిండి లోపలే ఉంటుంది కనుక బయటి గుర్తులను బట్టి పోల్చుకోవాలి. డబ్బాలో గాలి తేమకు మెత్తబడిన కుకీ సాగకపోవడానికి కారణం కూడా ఇదే: అప్పటికే స్ఫటికం కట్టిన చక్కెరను పైనుంచి పీల్చిన కాస్త తేమ తిరిగి పాకంగా మార్చలేదు.

ఇక వెన్న విషయం. చాక్లెట్ ముక్కలు వేసిన కుకీ 1930లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, విట్‌మన్ పట్టణంలో టోల్ హౌస్ ఇన్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ వంటింట్లో పుట్టింది. అలాంటి చలి ప్రాంతాల వంటింటి అలవాట్లే నేటికీ చాలా వంటకాల్లో కనబడతాయి: వెన్నను బయట ఉంచి, మెత్తబడ్డాక చక్కెరతో గిలక్కొట్టి, లోపలికి గాలి పట్టించమంటారు. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే ఆ గాలిని పట్టి ఉంచగలదు. ఏసీ లేని చెన్నై వంటింట్లో పది నిమిషాల్లో అది జావగా మారి, గిలక్కొట్టినా గాలిని నిలుపుకోక, ఓవెన్‌లోకి వెళ్లగానే ముద్దను పాకించేస్తుంది. అదృష్టవశాత్తూ చ్యూయీ కుకీకి ఈ గిలక్కొట్టడం అవసరమే లేదు. గాలి ఎక్కువైతే కుకీ కేకులా పొంగి గుల్లబారుతుంది కూడా. కాబట్టి వెన్నను పూర్తిగా కరిగించి, వేలికి వేడి తగలనంతగా చల్లార్చి వాడండి. కరిగించినప్పుడు వెన్నలోని నీరు విడివడి మైదాను నేరుగా చేరుతుంది, అక్కడ కొంత గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) ఏర్పడి, అది కూడా సాగుడుకు తోడవుతుంది. ముద్ద పాకిపోకుండా ఆపే పనిని ఫ్రిజ్ చూసుకుంటుంది. ఆ సంగతి తరువాత.

మన దుకాణాల్లో దొరికే పసుపు రంగు టేబుల్ బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు, 16 శాతం మించకుండా నీరు, 3 శాతం మించకుండా ఉప్పు ఉంటాయి. ఉప్పు లేని తెల్ల బటర్ దొరికితే అదే కొనండి; దొరకకపోతే పసుపు బటరే వాడి, వంటకంలోని ఉప్పును పూర్తిగా మానేయండి. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎంతుందో అంచనా దొరకదు కనుక దానితో ప్రతిసారీ వేరువేరు ఫలితం వస్తుంది. నెయ్యి వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. అందువల్ల వచ్చేది నాన్‌ఖటాయిలా గుల్లగా రాలే బిస్కెట్టు. అది రుచికరమైనదే, కానీ మీరు అడిగినది కాదు.

చక్కెర దగ్గరే ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే మీ వంటకంలో నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది ఇక్కడే. మీరు వేస్తున్నది అంతా తెల్ల చక్కెర. తెల్ల చక్కెర దాదాపు శుద్ధ సుక్రోజ్. అది చల్లారాక తేలికగా స్ఫటికం కట్టి కుకీని కరకరలాడిస్తుంది. బ్రౌన్ షుగర్‌లో ఉండే మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కొంత తేమను తెస్తుంది, అంతకన్నా ముఖ్యంగా అందులో ఉండే వేరే రకం చక్కెరలైన గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు సుక్రోజ్ స్ఫటికం కట్టడానికి అడ్డుపడి, తేమను పట్టి ఉంచుతాయి. అందుకే మొత్తం చక్కెరలో మూడు వంతులు బ్రౌన్, ఒక వంతు తెల్ల చక్కెర ఉండాలని చెబుతాను. తెల్ల చక్కెరను పూర్తిగా మానేయకండి. అంచులు కాస్త కరకరలాడితేనే నడిమి మెత్తదనం నాలుకకు తెలుస్తుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: సూపర్ మార్కెట్లలో ‘బ్రౌన్ షుగర్’ పేరుతో పొడిపొడిగా, పెద్ద పలుకులతో జారిపోయే డెమెరారా చక్కెర కూడా అమ్ముతారు. మనకు కావలసినది పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టే రకం.

అది దొరకకపోతే చెన్నైలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే నాట్టు సక్కరై, అంటే పొడి బెల్లం, బ్రౌన్ షుగర్ కొలతలో సగం వరకు దాని బదులు చక్కగా పనిచేస్తుంది. బాగా జల్లించి వాడండి, గడ్డలు మిగిలితే కుకీలో నల్లటి చుక్కలుగా మాడతాయి. ఉడన్‌కుడి తాటిబెల్లం ఇంట్లో ఉంటే ఒక 30 గ్రాములు తురిమి, అంతే బరువు బ్రౌన్ షుగర్‌కు బదులుగా వేసి చూడండి. దాని పొగవాసన కోకోకు ఎంత బాగా నప్పుతుందో నేను మాటల్లో చెప్పడం కన్నా మీరు తిని తెలుసుకోవడం మేలు. ఇంతకు మించి వేస్తే మాత్రం చాక్లెట్ రుచి వెనకబడుతుంది.

కోకో పొడికి మైదా కన్నా నీరు పీల్చే గుణం ఎక్కువ. మామూలు కుకీ వంటకం తీసుకుని, అందులో కొంత మైదాను తీసేసి అంతే బరువు కోకో వేసినప్పుడు కుకీలు పొడిబారడానికి కారణం ఇదే. దీనికి విరుగుడుగా నేను ఒక పచ్చసొన అదనంగా వేస్తాను; తెల్లసొన అదనంగా వేస్తే కుకీ ఆరిపోయి కేకులా మారుతుంది, పచ్చసొన మాత్రం కొవ్వును, మెత్తదనాన్ని ఇస్తుంది. సహజ కోకోకు కొంత ఆమ్లగుణం ఉంటుంది, డచ్ పద్ధతిలో క్షారంతో శుద్ధి చేసినదానికి అది ఉండదు, రంగు మాత్రం ముదురుగా ఉంటుంది. ఈ వంటకంలో బ్రౌన్ షుగర్ లేదా బెల్లం ఎలాగూ బేకింగ్ సోడాకు కావలసిన ఆమ్లాన్ని ఇస్తుంది కనుక రెండింటిలో ఏదైనా వాడవచ్చు. డ్రింకింగ్ చాక్లెట్ పొడి మాత్రం కోకోకు ప్రత్యామ్నాయం కాదు, అందులో ఎక్కువ భాగం చక్కెరే.

మధ్యలో వేసే చాక్లెట్ కొనేటప్పుడు పొట్లం వెనక ఉన్న పదార్థాల వరుస చదవండి. కోకో బటర్ అని ఉంటే అది నిజమైన చాక్లెట్. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్. కాంపౌండ్ చవక, వేడికి నిలుస్తుంది, బేకింగ్ సామాన్ల దుకాణాల్లో ఎక్కువగా కనబడేది అదే. కానీ తిన్నాక అంగిలికి మైనపు పూత అంటినట్టు ఉండి, మిగిలినదంతా శ్రద్ధగా చేసినా కుకీని చౌకబారుగా చేస్తుంది. నా దృష్టిలో ఈ వంటకంలో డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు ఇదొక్కటే. 50 నుంచి 60 శాతం డార్క్ చాక్లెట్ బార్ కొని కత్తితో ముక్కలు చేసుకోండి. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లోనూ, ఇటు పొల్లాచ్చి తోటల్లోనూ అంతరపంటగా పండిన కోకోతో చేసిన మంచి బార్లు ఇప్పుడు మన నగరాల్లోనే దొరుకుతున్నాయి. దిగుమతి సరుకు కోసం వెతకనక్కరలేదు. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, ఎండాకాలంలో కోసిన ముక్కలను కలిపే క్షణం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

ఇప్పుడు కొలతలు. ఇవి సుమారు 18 కుకీలకు సరిపోతాయి. వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, పొడి చేసిన తెల్ల చక్కెర 50 గ్రాములు, ఒక గుడ్డు, ఇంకొక గుడ్డులోని పచ్చసొన, మైదా 150 గ్రాములు, కోకో 40 గ్రాములు, బేకింగ్ సోడా అర టీస్పూను, వెన్నలో ఉప్పు లేకపోతే అర టీస్పూను ఉప్పు, వెనిలా ఒక టీస్పూను, ముక్కలు చేసిన చాక్లెట్ 150 గ్రాములు. అర టీస్పూను ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపితే కాఫీ రుచి తెలియకుండానే చాక్లెట్ రుచి గాఢమవుతుంది. ఫిల్టర్‌లో చిక్కటి డికాషన్ ఉంటే ఒక టీస్పూను వేసినా సరే. దయచేసి వీటిని కప్పుల్లోకి మార్చుకోకండి. మైదాలోకి గుచ్చి నింపిన కప్పుకూ, చెంచాతో వదులుగా నింపిన కప్పుకూ 25, 30 గ్రాముల తేడా వస్తుంది, ఆ తేడా చాలు సాగే కుకీని పొడిబారిన ఉండలా మార్చడానికి. వంటింటి డిజిటల్ తూకం లేకపోతే కుకీల కన్నా ముందు అది కొనండి. మైదా బదులు గోధుమపిండి వాడాలనుకుంటే నాలుగో వంతుకు మించకండి. చక్కీ రాళ్ల మధ్య నలిగిన గోధుమపిండిలో దెబ్బతిన్న పిండిపదార్థం ఎక్కువ, అది నీటిని బాగా లాగేసుకుంటుంది.

కరిగి చల్లారిన వెన్నలో రెండు చక్కెరలూ వేసి విస్క్‌తో ఒక నిమిషం కలిపి, పది నిమిషాలు వదిలేయండి. చక్కెర కొంత కరిగితే కుకీ పైభాగం సన్నగా పగిలి మెరుస్తుంది. తరువాత గుడ్డు, పచ్చసొన, వెనిలా వేసి మిశ్రమం చిక్కబడి నిగనిగలాడేదాకా కలపండి. మైదా, కోకో, సోడా, ఉప్పు కలిపి జల్లించి వేసి, ఇక్కడి నుంచి విస్క్ పక్కన పెట్టి గరిటెతో, పొడి పిండి కనబడకుండా పోయేంత వరకే తిప్పండి. చివరగా చల్లటి చాక్లెట్ ముక్కలు. ఈ దశలో ముద్ద బాగా వదులుగా కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి మైదా చేర్చడం చాలామంది చేసే పని, మీరు చేయకండి.

ముద్ద వదులుగా ఉండగానే దాన్ని పెద్ద నిమ్మకాయంత, అంటే 40 గ్రాముల చొప్పున, ఉండలుగా తీసి పళ్లెంలో పేర్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ముందు గిన్నెతో సహా చల్లబరిస్తే తరువాత చెంచా దిగదు. కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా; 24 గంటలు ఆగగలిగితే ఇంకా మంచిది. చల్లబడిన వెన్న ఓవెన్‌లో ఆలస్యంగా కరుగుతుంది కనుక కుకీ పాకడానికి ముందే అంచు నిలబడుతుంది. ఈలోగా మైదా, కోకో ముద్దలోని నీటిని పూర్తిగా పీల్చుకుంటాయి, రుచులు ఒకదానిలో ఒకటి ఇమిడి బెల్లపు వాసన ముందుకు వస్తుంది. పచ్చి గుడ్డు ఉన్న ముద్దను ఇక్కడి వేడిలో బల్ల మీద వదిలేయకూడదు. పిల్లలను పచ్చి ముద్ద రుచి చూడనివ్వకూడదు, గుడ్డు వల్ల మాత్రమే కాదు, పచ్చి మైదా వల్ల కూడా.

ఓటీజీ గుండీ మీద రాసిన అంకెను నమ్మకండి. 180 అని పెట్టినప్పుడు లోపల 160 ఉండవచ్చు, 200 ఉండవచ్చు. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొంటే ఈ అనుమానం శాశ్వతంగా తీరుతుంది. పై, కింది రాడ్లు రెండూ వేసి, 20 నిమిషాలు వేడెక్కించి, లోపల 175 డిగ్రీలు స్థిరపడ్డాక ట్రే పెట్టండి. మధ్య అరలో, ఒకసారికి ఒకే ట్రే. నల్లటి ట్రే అడుగును త్వరగా మాడుస్తుంది, తెల్లటి అల్యూమినియం ట్రే మంచిది. దాని మీద పరిచేది బేకింగ్‌కు ఉద్దేశించిన పార్చ్‌మెంట్ కాగితమై ఉండాలి. శాండ్‌విచ్‌లు చుట్టే పల్చటి బటర్ పేపర్ అంటుకుపోతుంది, పొగ కూడా వస్తుంది. మీ 28 లీటర్ల ఓటీజీలో ఒక ట్రేకు ఆరు ఉండలకు మించి పెట్టకండి, మధ్యలో రెండంగుళాల ఖాళీ ఉండాలి. రెండో విడతకు వేడి ట్రే మీద నేరుగా ఉండలు పెడితే ఓవెన్‌లోకి వెళ్లకముందే అవి కరగడం మొదలవుతుంది, కాబట్టి ట్రేను కుళాయి కింద చల్లబరిచి తుడవండి. చాలా ఓటీజీలలో వెనక భాగం ఎక్కువ వేడి; ఆరో నిమిషంలో ట్రేను తిప్పి పెట్టండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవారు ఫ్యాన్ గాలి కుకీని త్వరగా ఆరబెడుతుందని గుర్తుంచుకుని 15 డిగ్రీలు తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎప్పుడు తీయాలన్నది. కోకో వల్ల ముద్ద ముందే నల్లగా ఉంటుంది కనుక రంగు చూసి ఏమీ తెలియదు. పదో నిమిషం నుంచి దీపం వేసి మెరుపును గమనించండి. అంచు చుట్టూ మెరుపు పోయి నిలదొక్కుకుని, నడిమి భాగం మాత్రం ఇంకా తడిగా, ఉబ్బుగా, పచ్చిగా ఉందేమో అనిపించేలా ఉన్నప్పుడు తీయాలి. సాధారణంగా ఇది 10, 11 నిమిషాలకు వస్తుంది. ఇది పచ్చి కదా అని మీకు తప్పక అనిపిస్తుంది, అయినా తీసేయండి. ట్రే వేడికి మరో అయిదు నిమిషాల పాటు అడుగు నుంచి ఉడుకుతూనే ఉంటుంది, చల్లారుతూ నడుమ కుంగి ముడతలు పడుతుంది. ఆ కుంగడమే లోపల నీరు మిగిలిందనడానికి గుర్తు. అయిదు నిమిషాల తరువాత వైర్ రాక్ మీదికి మార్చండి, అంతకు ముందు కదిపితే విరుగుతాయి. వేడిగా తిన్నప్పుడు మెత్తగా మాత్రమే ఉంటాయి. సాగుడు తెలియాలంటే పూర్తిగా చల్లారాలి, నిజానికి రెండో రోజే బాగుంటాయి.

మీ అత్తగారి కోసం గుడ్డు లేని పిండి. గుడ్డు ఇక్కడ నీటిని తెస్తుంది, ముద్దను పట్టి ఉంచుతుంది, పచ్చసొన కొవ్వును నీటితో కలుపుతుంది. ఒకే పదార్థం ఈ మూడూ చేయదు. ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీటిలో పావుగంట నానబెడితే జిగురుగా అవుతుంది, ఇది గుడ్డుకు బదులు. పచ్చసొనకు బదులు ఒక టేబుల్ స్పూను కండెన్స్‌డ్ మిల్క్ చేర్చి, తెల్ల చక్కెరలో 10 గ్రాములు తగ్గించండి. అవిసె వాసన మామూలు కుకీలో తెలుస్తుంది, కోకో ఉన్నచోట తెలియదు. పెరుగు వేయమని చెప్పే వంటకాలు చాలా ఉన్నాయి. దానితో వచ్చేది మెత్తని, కేకులాంటి కుకీ కనుక నేను సిఫార్సు చేయను. గుడ్డు లేని ఉండలు తక్కువ పాకుతాయి, కాబట్టి ఓవెన్‌లో పెట్టే ముందు అరచేత్తో కాస్త అదమండి, తక్కిన పద్ధతి అంతా ఒకటే. ఒకే రోజు రెండూ చేస్తుంటే గుడ్డు లేనివి ముందు కలిపి, ముందు బేక్ చేస్తే గిన్నెల విషయంలో ఆవిడకు సందేహం ఉండదు.

మీ ప్రశ్నలో లేకపోయినా నిల్వ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇక్కడ మూత లేని పళ్లెంలో ఏదీ నిలవదు. పూర్తిగా చల్లారిన తరువాతే గాలి చొరని డబ్బాలో పెట్టండి. వేడిగా పెడితే మూతకు ఆవిరి పట్టి కుకీ పైభాగం జిగటగా అవుతుంది. ఇలా మూడు, నాలుగు రోజులు సాగుడు పోకుండా ఉంటాయి. వాటిలో గట్టిపడుతున్నవి ఉంటే డబ్బాలో ఒక రాత్రి బ్రెడ్ ముక్క ఉంచండి, బ్రెడ్ ఎండిపోతుంది, దాని తేమను కుకీలు తీసుకుంటాయి. అయితే ఇన్ని కుకీలు ఒకేసారి బేక్ చేయవలసిన పనే లేదు. ఫ్రిజ్‌లో గట్టిపడ్డ ఉండలను జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు నిలుస్తాయి. కావలసినన్ని తీసి, కరగనివ్వకుండానే ట్రేలో పెట్టి, 165 డిగ్రీల దగ్గర 13 నిమిషాల నుంచి గమనించడం మొదలుపెట్టండి. కరెంటు ఎక్కువసేపు పోయి గుడ్డు వేసిన ఉండలు పూర్తిగా మెత్తబడితే వాటిని మళ్లీ గడ్డకట్టించకండి. ఇంకా చల్లగా ఉన్నప్పుడే, కరెంటు రాగానే అన్నీ బేక్ చేసేయండి.